ఎర్రజెండా కట్టిన జామకొమ్మలు

ఆ రోజుల్లో మా ఇళ్లలో ఏ గుడ్డా ఒక్క జన్మతో పోయేది కాదు. చీర పాతబడితే బొంత అయ్యేది, బొంత చిరిగితే గిన్నెలు దింపుకునే మసిగుడ్డ అయ్యేది, మసిగుడ్డ పీలికలైతే వర్షాకాలంలో పొయ్యి రాజెయ్యడానికి పనికొచ్చేది. కొనడం అన్నది మిగతా దారులన్నీ మూసుకుపోయాక చేసే పని. ఇప్పుడు నర్సరీవాడు మొక్కల్ని తోపుడు బండి మీద పేర్చుకుని గుమ్మం ముందుకే తెస్తున్నాడు. మనం మెట్టు దిగకుండానే జామా, నిమ్మా, సపోటా వేలు పెట్టి చూపించి కొనేస్తున్నాం. అలా కొన్నప్పుడల్లా నాకు లోలోపల నవ్వొస్తుంది. ఎందుకంటే ఒకప్పుడు నాలుగు జామమొక్కలు డబ్బు పెట్టి కొనకుండా సంపాదిద్దామని నేను పడ్డ పాటుకి, ఒక కాలనీ కాలనీ అంతా నెలరోజులకు పైగా నా కడుపు వంక చూసింది.

నాకు పెళ్లయింది డెబ్బైల మొదట్లో. మాది సోంపేట దగ్గర ఒక ఊరు. మా ఆయన రాయ్‌పూర్‌లో గూడ్సు బండి గార్డు. విజయనగరంలో పాసింజరెక్కి, కొండలూ అడవులూ దాటుకుంటూ, బొగ్గుపొడి కళ్లల్లోంచి తుడుచుకుంటూ గుఢియారీ వైపు రైల్వే క్వార్టర్లలో దిగాను. దిగిన రెండోరోజే మా ఆయన డ్యూటీకి వెళ్లిపోయారు. గార్డు పెళ్లాం మొగుడి మొహం చూడ్డం కంటే, ఇనపపెట్టెతో డ్యూటీకి వెళ్లే ఆయన వీపు చూడ్డమే ఎక్కువ. ఇంట్లో నేనూ, మా అత్తగారూ. ఆవిడ నోటి నుంచి వచ్చే మాటల్లో నూటికి తొంభై పని పురమాయింపులు, మిగతావి ఆ పని సరిగా జరగలేదని చెప్పడం. మధ్యాహ్నం ఆవిడ పడుకుంటే నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. వీధిలో బోరింగు దగ్గర ఆడవాళ్లు గలగలా మాట్లాడుకునేవారు, కానీ అది హిందీ, ఛత్తీస్‌గఢీ కలిసిన మాట. నాకొచ్చిన హిందీ అంతా 'హాఁ జీ', 'అచ్ఛా'. ఈ రెంటితో ఎంతకాలం కబుర్లు చెప్పగలం? బిందె నింపుకుని తల దించుకుని వచ్చేసేదాన్ని. ఒకసారి ఒంటరితనం పట్టలేక గోడమీద బల్లిని కుశలమడిగాను. అదీ పలకలేదు.

అప్పుడు వచ్చింది జాగా. లైను పక్కన ఖాళీగా పడున్న నేలని ముక్కలు చేసి, కూరలూ పళ్లూ పండించుకోమని స్టాఫుకి ఇచ్చేవారు. మా ఆయన పేరున ఒక ముక్క వచ్చింది. నేల మనది కాదు, సాగు మాత్రం మనది. షరతొకటే. మొదటి వానాకాలం వెళ్లేలోగా అందులో పళ్లమొక్కలు నాటి ఉండాలి. రైల్వే ఆఫీసు నుంచి సాబు వచ్చి చూస్తాడు. ఖాళీగా కనిపిస్తే జాగా తరవాతి పేరుకి పోతుంది. ఆ తరవాతి పేరు మా పక్క క్వార్టరాయనది. ఆయనా మన తెలుగువారే, విజయనగరం వైపువారు. పెరట్లో గేదెని కట్టుకుని పెంచేవారు కాబట్టి నేను మనసులో గేదె బాబాయిగారని పేరు పెట్టుకున్నాను. ఆయనకి పళ్లూ వద్దు, కూరలూ వద్దు. ఆయన గేదె లక్ష్మి మేయడానికి పచ్చిక కావాలి, అంతే.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, "అమ్మా, నర్సరీలో అంటుమొక్కలు కొందుమా?" అని అడిగారు. ధర చెప్పారు. అత్తగారు చేతిలో గరిట కింద పెట్టేశారు. "జామమొక్కకి అంతేటిరా? పండో, ప్రాణమో? గింజేస్తే మొలవదేటి?" అన్నారు. గింజ మొక్క ఎప్పటికి కాస్తుంది, ఎలాంటి కాయ కాస్తుంది అని ఆయన నసిగారు. ఇదిగో, ఇక్కడ నేను నోరు తెరిచాను. ఆ ఇంట్లో కాలు పెట్టాక ఎవరూ అడక్కుండా నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"కొనక్కర్లేదండి. బోరింగు కాడ జామచెట్టుంది కదా. దానికి అంట్లు కడితే సరి. మా తాతగారి తోటలో కట్టీవోళ్లం."

(కట్టేది తాతగారు. నేను పురికొస ఉండ పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. ఆ సంగతి అప్పుడు చెప్పవలసినంత ముఖ్యమైనదిగా తోచలేదు.)

అత్తగారు నన్ను కింద నుంచి పైదాకా చూశారు. "నీకొచ్చేటి అమ్మీ?" అన్నారు. వచ్చన్నాను. "అయితే కట్టు. కొనీది లేదు. రేపు సాబొచ్చీసరికి మొక్కలు లేవంటే మాత్రం నలుగుర్లో నా తల తీసీసినట్టే" అన్నారు. ఆ క్షణం నుంచి విషయం జామమొక్కలది కాదు. ఆ ఇంట్లో ఇక ముందు నా మాట చెల్లుతుందా, లేక బతుకంతా గరిట కింద పడుండవలసిందేనా అన్నది.

బోరింగు పక్క జామచెట్టు ఎవరిదీ కాదు, అందరిదీ. (రాయ్‌పూర్‌లో జామని బిహీ అంటారు. ఆ ముక్క నేర్చుకోవడానికే నాకు చాలా రోజులు పట్టింది.) లోపల గులాబీ రంగు, తింటే కలకండ. కానీ కాయ గోలీ సైజు దాటేలోగా పిల్లలు కోసేసేవారు. తొలకరి పడగానే స్టూలు వేసుకుని ఎక్కాను. పెన్సిలు లావు కొమ్మలు ఏరుకుని, తాతగారిని తలుచుకుని, ఒక్కో కొమ్మకీ బెరడుని ఉంగరంలా ఒలిచేశాను. ఒలిచిన చోట ఎర్రమట్టీ పేడా కలిపిన ముద్ద పెట్టి, చుట్టూ తడిపిన కొబ్బరిపీచు చుట్టాను. తాతగారైతే దాని మీద పాలిథీన్ కాగితం కట్టేవారు, లోపల తడి ఆరకుండా. పాలిథీన్ కొనాలి. కొనడం లేదు కదా! గోనెపట్టా ముక్క కట్టి, అది ఊడిపోకుండా పైన గుడ్డ చుట్టాలనుకున్నాను. ఇంట్లో మిగులు గుడ్డ అంటే మా ఆయన జెండాలే. రంగు వెలిసి పనికిరావని తీసేసిన జెండాలు మా ఇంట్లో తుడుచుకునే గుడ్డలయ్యేవి. పచ్చజెండాలు అప్పటికే అత్తగారి దిండు గలీబులైపోయాయి. మిగిలినవి ఎర్రవి. అవి చింపి కట్టేశాను.

మా వైపు మొక్కుకుని ముడుపు కడితే పసుపు గుడ్డలో కడతాం. ఎర్రగుడ్డ చూస్తే మాకు బండి ఆగాలన్న సంగతి తప్ప ఇంకేమీ గుర్తురాదు. రాయ్‌పూర్‌లో అలా కాదు. ఇక్కడ కోరిక కోరుకుని ఎర్రగుడ్డలో కొబ్బరికాయో, వక్కో చుట్టి చెట్టుకో, గుడి కటకటాలకో కడతారు. మన్నత్ అంటారు. కోరిక తీరేదాకా ఆ ముడి ఎవరూ తాకకూడదు, తీరాక కట్టినవాళ్లే విప్పాలి. ఇది నాకు తెలియదు. పైగా పాలిథీన్ లేదు కాబట్టి కట్టు రోజూ తడపాలి. మొక్కల పని స్నానం చేసి ముట్టుకోవాలని మా అత్తగారి పట్టు. ఇంక ఊహించుకోండి. పొద్దున్నే కొత్తకోడలు తలస్నానం చేసి, తడిజుట్టు ముడి వేసుకుని, రాగిచెంబుతో వచ్చి, స్టూలెక్కి, ఒక్కో ఎర్రముడి మీదా నీళ్లు పోస్తూ పెదాలు కదుపుతోంది! (నేను 'వేరు రా, వేరు రా' అనుకునేదాన్ని.)

మాకు పాలు పోసే ఆవిణ్ని అందరూ రౌతాయిన్ దాయీ అనేవారు. దాయీ అంటే అమ్మ. కాళ్లకి వెండి కడియాలు, చేతులకి మోచేతి దాకా పచ్చబొట్లు, కాలనీలో పోలీసు కంటే ఎక్కువ మాట. ఒకరోజు ఆవిడ పాలకేను కింద పెట్టి, నేను స్టూలు దిగేదాకా ఆగి, నా తలమీద చెయ్యి పెట్టి, "భగవాన్ తోర్ గోద్ భరయ్, బహురియా" అంది. నేను అలవాటు చొప్పున "హాఁ జీ" అన్నాను. దేవుడు నీ ఒడి నింపాలి కోడలా అని దీవించిందని ఇంటికొచ్చాక అత్తగారు చెప్పారు. చెప్పి, ఆలోచించి, ఒక్కసారి పకపకా నవ్వేశారు. ఆవిడ నవ్వగా నేను చూడ్డం అదే మొదలు.

"నీ అంట్లకి కాపలా దొరికిందే అమ్మీ! పిల్లల కోసం నువ్వు మన్నత్ కట్టినావనుకుంటన్నారు. చూసినావా, వారం బట్టి ఒక్క గుంటడు చెట్టెక్కినాడేటి? ఊరుకో. నువ్వు నోరిప్పకు."

విప్పడానికి నా దగ్గర భాషేదీ? ఊరుకున్నాను. కాపలా బాగానే ఉంది. కానీ నా ముడుల మీద జనానికి గురి కుదిరింది. ఇంత నిష్ఠగా కొత్తకోడలు రోజూ జలం పోస్తున్న చెట్టు ఉత్త చెట్టు కాదనుకున్నారు. మొదట ఒకావిడ మొగుడు తాగుడు మానాలని ఎర్రగుడ్డ కట్టింది. తరవాత ఒకావిడ కొడుకు ఉద్యోగానికి. ఇంకొకావిడ అత్తగారి నోటికి. నేను మర్నాడు స్టూలెక్కి చూశాను. వాళ్లు ఏ కొమ్మకి పడితే ఆ కొమ్మకి కట్టలేదు. నా అంటు ఉన్న కొమ్మలకే, అంటుకి అవతల, చివరి వైపు కట్టారు, మహిమ ఆ కొమ్మల్లోనే ఉందని. అంటే వేరొచ్చాక నేను కొమ్మ కోశానంటే, ఒకరి మొగుడి తాగుడూ, ఒకరి కొడుకు ఉద్యోగమూ కూడా కోసి చేత్తో పట్టుకున్నట్టే. కోరిక తీరని మన్నత్‌ని తెంపిన మనిషిని ఆ బోరింగు దగ్గర నీళ్లు పట్టుకోనిస్తారా? అయినా వాళ్ల ముడుల మీద కూడా నీళ్లు పోశాను, తేడా చూపిస్తే బాగుండదని.

ఇలా ఉండగా సోమవారం సాబు వస్తున్నాడని కబురొచ్చింది. మా ఆయన బిలాస్‌పూర్ వైపు ఎక్కడో లైన్లో ఉన్నారు. గేదె బాబాయిగారు గుమ్మంలోకి వచ్చి, గొంతులో బెల్లం కలుపుకుని, "ఏటమ్మా, మొక్కలేవీ? జాగా బోడిగుండులాగుంది. పోనీలే, మా లక్ష్మి మేసుకుంటాది" అన్నారు. అత్తగారు పళ్లు బిగబట్టి, "ఇంకా రోజులున్నాయి కదరా బాబూ" అన్నారు. ఆయన వెళ్లాక నా వైపు తిరిగారు. గుమ్మంలోంచి జామచెట్టు వంకా, నా వంకా చూసి గరిట అందుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

బాబాయిగారు అంతటితో ఊరుకోలేదు. ఆయన తెలుగువారు కదా, అంటు కట్టు చూస్తే తెలుస్తుంది. మర్నాడు బోరింగు దగ్గర ఆడవాళ్లందరి ముందూ చెట్టు చూపించి, "అరే, యే మన్నత్ వన్నత్ నహీఁ హై! కలమ్ హై, కలమ్! పౌధా బనానే కా!" అని అరిచారు. మన్నత్ కాదు, మొక్క చెయ్యడానికి కట్టిన అంటు అని. ఇంతమంది చేత ఇన్నాళ్లూ మొక్కించుకున్నందుకు ఇప్పుడు బిందెలతో కొడతారనుకున్నాను. అందరూ రౌతాయిన్ వైపు చూశారు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని బాబాయిగారిని అడిగింది, "కలమ్ కో రోజ్ నహాకే జల్ కౌన్ చఢాతా హై?" రోజూ స్నానం చేసి అంటుకి నీళ్లు ఎవరు పోస్తారయ్యా అని. ఆయన పంచె ఎగ్గట్టుకుని వెళ్లిపోయారు. ఆ సాయంత్రం లక్ష్మి పాలిచ్చేటప్పుడు కాలు ఝాడించి, చెంబెడు పాలూ ఆయన పంచె మీద ఒలకబోసింది. మర్నాడు పొద్దున్న ఆయన భార్య, మా పిన్నిగారు, ఆయన చూడకుండా వచ్చి నా కొమ్మల్లో ఒకదానికి ఎర్రగుడ్డ కట్టి లెంపలేసుకుని వెళ్లారు.

ఇప్పుడు నిజం చెప్పినా నమ్మేవారు లేరు. ఆ దారీ మూసుకుపోయింది. శనివారం అత్తగారు బియ్యం ఏరుతూ, నా మొహం చూడకుండా, మెల్లిగా అన్నారు.

"అమ్మీ, ఒకటే ఉపాయముంది. నీ కోరిక తీరిందని చెప్పీద్దుము. నెల తప్పినావని. అప్పుడు నీ ముడులు నువ్వే విప్పుకోవచ్చు."

"చెప్పీసి? తొమ్మిదో నెల్లో ఏటి చూపించాలండి, జామకాయా?"

ఆవిడతో అలా ఎదురు మాట్లాడ్డం నాకు అదే మొదలు. నోట్లోంచి వచ్చాక నేనే ఉలిక్కిపడ్డాను. ఆవిడ చేట ఆపి నన్ను చూశారు. తిడతారనుకున్నాను. "అదీ నిజమే" అని మళ్లీ రాళ్లు ఏరడం మొదలుపెట్టారు. అసలు నాకు అన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటుంది, అది ఆవిడకి చెప్పలేదు. ఆ కట్ల లోపల వేర్లు వచ్చాయో లేదో నాకు తెలియదు. కొమ్మలు పచ్చగానే ఉన్నాయి. కానీ లోపల ఉన్నది వేరో, కుళ్లో, కొబ్బరిపీచో విప్పితే గాని తెలియదు. ముడుల గొడవ తీరినా, వేర్లు రాకపోతే పరువు గంగలో కలిసే అవకాశం నిక్షేపంగా ఉంది.

ఆదివారం పొద్దున్న చెంబుతో పాటు చిన్న కొడవలి కూడా పట్టుకెళ్లాను. కొంగు కింద దాచాను గాని, దాని మొన బయటికి వచ్చే ఉంది. స్టూలెక్కాను. వెనక్కి చూడకుండానే అందరి కళ్లూ వీపు మీద తెలుస్తున్నాయి. కొమ్మ పట్టుకుని కొడవలి ఎత్తానో లేదో, రౌతాయిన్ వచ్చి నా మణికట్టు పట్టేసింది. గట్టిగా ఏదో అడిగింది. ఇంకెవరో అరిచారు. అందులో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కోపం తప్ప. మా అత్తగారు గుమ్మంలోంచి పరుగెత్తుకొస్తున్నారు గాని, ఆవిడ మోకాళ్లకి వీధి పొడుగు.

ఏం చెప్పను? 'హాఁ జీ' అననా? 'అచ్ఛా' అననా? రెండో చేత్తో కొమ్మని కిందికి వంచి, ఆవిడ కళ్లెదుట పెట్టి, ఎర్రగుడ్డ ముడి విప్పడం మొదలుపెట్టాను. తడి ముడి రావడం లేదు. చివరికి పళ్లతో లాగాను. గుడ్డ ఊడింది. గోనెపట్టా ఊడింది. పీచు పక్కకి తీశాను. లోపల మట్టిముద్ద చుట్టూ, సందు సందులోంచీ, తెల్లగా, సన్నగా, సేమ్యాల్లాగా వేళ్లు! మట్టి కనిపించనంతగా అల్లుకుపోయి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చేసింది. స్టూలు మీద నిలబడి, అందరి ముందూ, చిన్నపిల్లలా ఏడ్చేశాను.

రౌతాయిన్ నా మణికట్టు వదిలేసింది. ముందుకు వంగి చూసింది. తుమ్మితే రాలిపోతాయేమోనన్నట్టు ఊపిరి బిగబట్టి, ఒక వేరుని ముట్టుకుంది. తరవాత రెండు చేతులూ జోడించి, వీధంతా వినబడేలా, "జరి ఫూట్ గే, దాయీ! జరి ఫూట్ గే!" అంది. వేరు పుట్టింది అని. అందరూ బిందెలు వదిలేసి వచ్చారు. చెట్టు కొమ్మకి గాలిలో వేరు పుట్టడం వాళ్లెప్పుడూ చూడలేదనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నేను కూడా చూసినట్టు లేదు. పిన్నిగారు మళ్లీ లెంపలేసుకున్నారు.

అప్పటికి మా అత్తగారు వగరుస్తూ చేరుకున్నారు. రౌతాయిన్ ఆవిడతో ఏదో అంది. అత్తగారి మొహం మెల్లిగా విచ్చుకుంది. "ఏటంటన్నాదంటే" అని నాకు చెప్పారు, "వేరొచ్చిన కొమ్మని గాల్లో ఉంచకూడదంట, దానికి నేల కావాలంట. ఎవరి ముడున్న కొమ్మ వాళ్లే మోసుకెళ్లి నాటాలంట. జాగా ఎక్కడుందని అడుగుతన్నాది." చెప్తూ చెప్తూ ఆవిడ నా వైపు చూసిన చూపు, ఆనాటి వరకూ నేనెరగనిది.

సోమవారం సాబు సైకిలు మీద టేపు పట్టుకుని వచ్చేసరికి, గేదె బాబాయిగారు అప్పటికే లక్ష్మినీ, ఒక గుంజనీ తెచ్చుకుని జాగా చివర సిద్ధంగా ఉన్నారు. అటు నుంచి మా ఊరేగింపు. ముందు రౌతాయిన్, వెనక ఆడవాళ్లు పాట పాడుతూ, ఒక్కొక్కరి చేతిలో అప్పుడే కోసిన, ఎర్రగుడ్డ వేలాడుతున్న జామకొమ్మ. వాళ్లలో బాబాయిగారి భార్య కూడా, తల మీద కొంగు కప్పుకుని, ఆయన వైపు చూడకుండా. ఆయన గుంజ మెల్లిగా గడ్డిలో పడుకోబెట్టేశారు. వానకి నేల మెత్తగా ఉంది. నేను గోతులు తీస్తుంటే ఎవరి కొమ్మ వారు నాటారు. ఆకులు సగానికి కత్తిరించాలి, లేకపోతే వాడిపోతుందని సైగలతో చూపించాను. నేను చూపించినట్టే చేశారు. (అన్నిటికంటే ముందు కట్టింది, అన్నిటికంటే ముద్దుగా చూసుకున్నది మాత్రం లోపల కుళ్లి నల్లబడిపోయింది. దాని మీద ఎవరి ముడీ లేకపోవడం నా అదృష్టం.)

సాబు మొక్కలు చూశాడు. వంగి, నేను కట్టిన ఎర్రగుడ్డ ఒకటి చేత్తో పట్టుకుని చూశాడు. రైల్వే మనిషికి జెండా గుడ్డ తెలియకుండా ఉంటుందా? "యే తో ఝండీ కా కప్డా హై" అని మా అత్తగారి వైపు తిరిగాడు. మా అత్తగారు తడుముకోకుండా, మన తెలుగు హిందీలో, "హాఁ బాబూ, లాల్ ఝండీ దేఖ్‌కే సబ్ రుక్‌తా హై నా? గాయ్, భైఁస్, సబ్!" అన్నారు. ఆవులూ గేదెలూ అన్నీ ఎర్రజెండా చూసి ఆగిపోతాయని. గేదె అన్నచోట బాబాయిగారి వైపు ప్రత్యేకంగా చూశారు. సాబు నవ్వు ఆపుకుంటూ కొలతలు వేసుకుని, అంతా సరిగ్గా ఉందని చెప్పి వెళ్లిపోయాడు. పోతూ పోతూ సైకిలు ఆపి, అత్తగారి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు, "అమ్మా, వో పేడ్ కిధర్ హై?" ఆ చెట్టు ఎక్కడుందని.

జాగా మాదే అయింది. జామచెట్లు మాత్రం మావి కాలేదు. కొన్ని చచ్చాయి, కొన్ని బతికాయి. బతికిన ప్రతిదానికీ ఒక యజమానురాలుంది. కాయలు దిగగానే ఎవరి చెట్టు దగ్గరికి వారు వచ్చి కూర్చునేవారు. మా జాగాలో మేము జామకాయ తినాలంటే ఒకరిని అడగాలి. అడిగితే ఊరికే ఇచ్చేవారు కాదు, కూర్చోబెట్టి కబుర్లు చెప్పి ఇచ్చేవారు. ఆ కబుర్ల కోసం నేను హిందీ నేర్చుకున్నాను, ఛత్తీస్‌గఢీ కూడా. తరవాత్తరవాత అత్తగారికి తెలియని మాటలు నేనే ఆవిడకి చెప్పేదాన్ని. రెండేళ్లకి మా అమ్మాయి పుట్టింది. ఆ చెట్టు పుణ్యమేనని కాలనీ అంతా దాన్ని బిహీ అనే పిలిచింది. దానికి నలభైయేళ్లొచ్చినా ఆ పేరు పోయేలా లేదు.

మా ఆయన రిటైరై మేము క్వార్టరు ఖాళీ చేసిన రోజున రౌతాయిన్ దాయీ కర్ర పట్టుకుని వచ్చింది. కొంగులో జామకాయలు. అప్పటికి నాకు ఆవిడ భాష వచ్చు కాబట్టి, ఇన్నేళ్లుగా మనసులో ఉన్నది చెప్పేశాను. దాయీ, నేను ఆ రోజు మన్నత్ ఏమీ కట్టలేదు, అవి ఉత్త అంట్లు, నేను ఏ కోరికా కోరుకోలేదు అని. ఆవిడ బోసినోటితో నవ్వింది. "నాకు అప్పుడే తెలుసు" అంది. "మాకు అంట్లు కట్టడం తెలీదనుకున్నావా? కానీ నువ్వు కోరుకోలేదన్నది అబద్ధం. వచ్చిన దగ్గర్నుంచీ నీకు మాట్లాడ్డానికి మనిషి కావాలి. రోజూ ఆ స్టూలెక్కి చెట్టుతో మాట్లాడుతుంటే మేము చూడలేదా? చూడు ఇప్పుడు, లారీ వాడు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు, నీ నోరు మూతపడిందా?"

ఇప్పుడు రాయ్‌పూర్‌లోనే, టాటీబంధ్‌లో లారీల మోత మధ్య అద్దె ఇంట్లో ఉంటున్నాం. కుండీలో ఒక జామమొక్క ఉంది, కొన్నదే. పొద్దున్నే దానికి నీళ్లు పోస్తూ ఏదో ఒకటి చెప్తుంటాను. అలవాటైపోయింది. అప్పుడప్పుడు ఆ ఇరవయ్యేళ్ల పిల్ల గుర్తొస్తుంది. తడిజుట్టుతో, స్టూలు మీద, కొడవలి ఎత్తి, ఒక్క మాట రాక ముడిని పళ్లతో లాగుతున్న పిల్ల. ఎంత భయపడిపోయిందో! పిచ్చిపిల్లా, నీ చుట్టూ నిలబడి అరుస్తున్నవాళ్లంతా రేపటి నుంచి నీవాళ్లేనే అని ఆ చెవిలో చెప్పాలనిపిస్తుంది. చెప్పినా లాభం లేదు లెండి. 'హాఁ జీ' అని ఊరుకుంటుంది.